'అజ్ఞాత' సర్వేలో రాయలేనివి: మా మేనేజ్‌మెంట్‌కు బహిరంగ లేఖ

ఎండీ గారికి, సీఈఓ గారికి, హెచ్‌ఆర్ హెడ్ మేడమ్‌కి, ఇంకా ఈ లేఖ మీ కంటే ముందే చదివి స్క్రీన్‌షాట్ తీసి మీకు పంపబోయే వాళ్ళకి కూడా,

నమస్కారం.

ఈమధ్య మీరు మన డిజిటల్ న్యూస్ సంస్థలో మా అందరికీ ఒక సర్వే పంపారు. ఆఫీసు వాతావరణం ఎలా ఉంది, మేనేజ్‌మెంట్ మీద మీ అభిప్రాయం ఏంటి, నిర్భయంగా రాయండి, మీ పేరు ఎవరికీ తెలియదు అని పైన పెద్ద అక్షరాలతో ఉంది. కింద మొదటి ప్రశ్న ఏ టీమ్, రెండోది ఏ షిఫ్ట్, మూడోది ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నారు. పైగా ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అయితే తప్ప ఫామ్ తెరుచుకోదు. సర్, మన నైట్ షిఫ్ట్‌లో, వీడియో ఎడిటింగ్‌లో, మూడేళ్ళు దాటిన మనిషి ఒక్కడే ఉన్నాడు. పేరు అడగలేదు నిజమే, ఆధార్ నంబరూ అడగలేదు. ఆ అబ్బాయి అన్నిటికీ 'చాలా సంతృప్తి' అని టిక్ పెట్టి వెళ్ళి పడుకున్నాడు. కాస్త అటూ ఇటూగా అందరం అదే పెట్టాం. తర్వాత టౌన్‌హాల్ మీటింగ్‌లో స్క్రీన్ నిండా పచ్చటి గ్రాఫులు వేసి మన వాళ్ళు ఎంత హ్యాపీగా ఉన్నారో చూపించారు, మేం చప్పట్లు కొట్టాం, సమోసాలు బాగున్నాయి.

ఆ ఫామ్‌లో రాయలేనివి ఇక్కడ రాస్తున్నాం. మా పేర్లు లేవు, కంపెనీ పేరు కూడా లేదు, ఎందుకంటే గొడవ పేరుతో కాదు, పద్ధతులతో. రాస్తున్నది నేనొక్కదాన్నే అయినా (ఆడమనిషి అని తెలిసిపోయింది కదా, పర్లేదు, ఇంకా సగం మంది మీద అనుమానపడొచ్చు) డెస్క్, వీడియో, రీల్స్, సోషల్ మీడియా టీమ్‌లలో చాలామంది చదివి, అక్కడక్కడ నా చేత తిట్లు తీసేయించి, సరే అన్నాకే బయటపెడుతున్నాం. లోపలే చెప్పొచ్చు కదా, వీధికెక్కడం ఎందుకు అని మీరు అడుగుతారు. లోపల ఎవరికి చెప్పాలో చెప్పండి సర్. ఈ లేఖంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఒక మాట ముందే చెప్పాలి. మేం పగబట్టి రాయడం లేదు. కాపీ అంటే ఏంటో తెలియకుండా వచ్చిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం దిద్దడం నేర్పిన చీఫ్ సబ్ ఎడిటర్లు ఇక్కడే ఉన్నారు. 2020 అక్టోబర్ వరదల్లో టోలిచౌకి నదీం కాలనీ దగ్గర నడుం లోతు నీళ్ళలో నిలబడి లైవ్ ఇచ్చిన రిపోర్టర్, ఆ ఫుటేజీ ఎండబెట్టుకుంటూ తెచ్చిన కెమెరామన్ మన వాళ్ళే. మొన్నామధ్య ఒక డ్రైవర్ వాళ్ళ నాన్నకి నిమ్స్‌లో ఆపరేషన్ అంటే ఎండీ గారూ, మీరే అడ్వాన్స్ ఇప్పించారు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా, అకౌంట్స్ వాళ్ళు చెబితే మాకు తెలిసింది. మీకు రాయాలనిపించింది అందుకే. చెప్పినా వినని మనుషులైతే రాసే ఓపిక కూడా దండగే, రెజ్యూమె అప్‌డేట్ చేసుకుని మా దారి మేం చూసుకునేవాళ్ళం.

పనిగంటల దగ్గర మొదలుపెడతా. 2024 డిసెంబర్ 13, శుక్రవారం గుర్తుందా? సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్ అరెస్టయిన రోజు. ఉదయం షిఫ్ట్‌కి వచ్చినవాళ్ళు ఇంకాసేపట్లో లాగవుట్ అనుకుంటున్నారు, అంతలో ఫోన్లు మోగాయి. జూబ్లీహిల్స్ ఇంటి నుంచి చిక్కడపల్లి స్టేషన్, అక్కడ్నుంచి గాంధీ ఆసుపత్రి, నాంపల్లి కోర్టు, హైకోర్టులో మధ్యంతర బెయిల్, చంచల్‌గూడ జైలు, ఎక్కడా లైవ్ ఆగలేదు. బెయిల్ కాగితాలు ఆలస్యమై ఆయన మర్నాడు పొద్దున బయటికి వచ్చేదాకా మన ఉదయం షిఫ్ట్ వాళ్ళు కుర్చీల్లోనే ఉన్నారు. ఆ రాత్రి ఎవరూ విసుక్కోలేదు సర్, వార్త పని అంటే అంతేనని మాకూ తెలుసు, పైగా ఆ ఊపు మాకూ ఇష్టమే. కానీ ఆ డబుల్ షిఫ్ట్‌కి కాంప్ ఆఫ్, అంటే బదులు సెలవు, ఇస్తామన్నారు. నెలలోపు వాడుకోకపోతే లాప్స్ అన్నారు. నెలలోపు అడిగితే మనుషులు లేరు, తర్వాత చూద్దాం అన్నారు. ఆయన బెయిల్ మర్నాడే అమలైంది, మా కాంప్ ఆఫ్‌లు మాత్రం ఇప్పటికీ లోపలే ఉన్నాయి. (ఇంకోటి కూడా అప్పుడే చెప్పాల్సింది: ఆ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రాత్రి ఆసుపత్రి దగ్గర ఒక్క మనిషిని కూడా పెట్టలేదు మనం. అడిగితే అక్కడేం వ్యూస్ వస్తాయి అన్నారు.)

2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చినప్పుడు హెచ్‌ఆర్ నుంచి మెయిల్ ఎంత త్వరగా వచ్చిందో! ఆ ఉత్తర్వులోనే వారానికి 48 గంటలు దాటకూడదని, దాటితే ఓవర్‌టైం కట్టాలని, మధ్యలో అరగంట విరామం ఇవ్వాలని కూడా ఉంది కదా మేడమ్. మెయిల్‌లో అవి ఎందుకో కనిపించలేదు.

ఇక షిఫ్ట్ ఆరింటికి. ఉప్పల్ నుంచి వచ్చే అమ్మాయికి మెట్రో మొదటి రైలు కూడా ఆరింటికే. అంటే ఐదింటికి లేచి, చీకట్లో రాపిడో బుక్ చేసుకుని, అది ఇద్దరు డ్రైవర్లు క్యాన్సిల్ చేశాక మూడోవాడు దొరికితే ఎక్కి, జూబ్లీహిల్స్ చేరి బయోమెట్రిక్‌లో వేలు పెట్టేసరికి 6:12. పది నిమిషాలు దాటితే లేట్ మార్క్, మూడు లేట్ మార్కులకి అరపూట జీతం. ఆరింటి షిఫ్ట్ ఆరున్నరకి మార్చండి, లేదా క్యాబ్ పెట్టండి అని అడిగితే ఒక మేనేజర్ గారు నవ్వుతూ అన్న మాట, 'మీ ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే కదమ్మా.' అవును సర్, 2023 డిసెంబర్ నుంచి ఫ్రీనే, ప్రభుత్వానికి థాంక్స్, కానీ టికెట్ లేకపోవడం వేరు, ఆ టైముకి బస్సు ఉండటం వేరు. రాత్రి షిఫ్ట్ అయితే ఇంకా అన్యాయం. రాత్రిపూట ఆడవాళ్ళ చేత పని చేయించుకోవాలంటే వాళ్ళ సమ్మతి తీసుకోవాలి, ఇంటి నుంచి తెచ్చి ఇంటి దగ్గర దించాలి, అది మీ దయ కాదు, ప్రభుత్వం పెట్టిన షరతు. మన దగ్గర సమ్మతి పత్రం మీద సంతకం మాత్రం జాయినింగ్ రోజే, మిగతా కాగితాల మధ్యలో పెట్టి తీసేసుకున్నారు.

కన్సల్టెంట్ల సంగతి. మనలో చాలామందికి ఆఫర్ లెటర్‌లో 'కన్సల్టెంట్' అని ఉంటుంది. బయట కన్సల్టెంట్ అంటే వాళ్ళకి నచ్చినప్పుడు వచ్చి సలహా ఇచ్చి బిల్లు పంపేవాళ్ళు. మన కన్సల్టెంట్ మాత్రం రోస్టర్ ప్రకారం వస్తాడు, వేలిముద్ర వేస్తాడు, వీక్ ఆఫ్ కోసం బతిమాలతాడు, ఇంకో సంస్థకి ఒక్క వాయిస్ ఓవర్ చెప్పినా నోటీసు అందుకుంటాడు. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, గ్రాట్యుటీ ఊసే లేదు. వృత్తి నిపుణుల ఫీజు కింద నెలనెలా 10 శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను) కోసి మిగతాది వేస్తారు. ఇరవై వేల లోపు తీసుకునే పిల్లవాడు వృత్తి నిపుణుడట! ఆ కోసిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి మళ్ళీ వాడే ఆడిటర్‌కి ఫీజు కట్టి రిటర్న్ వేయించుకోవాలి. ఫామ్ 16 ఉండదు, 16ఏ ఇస్తారు, పే స్లిప్ అడిగితే 'మీకు ఉండదు' అంటారు, బ్యాంకు వాడు బైక్ లోన్‌కి పే స్లిప్ లేనిదే మొహం కూడా చూడడు. ఒక గ్రాఫిక్స్ కుర్రాడికి డెంగీ వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉంటే బిల్లు కోసం మేమంతా చందాలు వేసుకున్నాం. ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఆసుపత్రికి వెళ్ళేవాడు. ఆ వారం జీతం కూడా ఎల్ఓపీలో పోయింది. కన్సల్టెంట్‌కి లీవులు ఉండవు కదా, లాస్ ఆఫ్ పే మాత్రం ఉంటుంది.

అడిగితే 'డిజిటల్ మీడియా అంతా ఇంతే, పక్క ఆఫీసులో కనుక్కోండి' అంటారు. కనుక్కున్నాం, నిజమే, చాలాచోట్ల ఇంతే. పత్రికల వాళ్ళకి 1955 నుంచీ వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఉండేది, వాళ్ళ జీతాలు తేల్చిన మజీఠియా వేజ్ బోర్డును 2014లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది, అయినా ఆ జీతాలు ఎంతమంది చేతికొచ్చాయో ఏ సీనియర్‌ని కదిపినా చెబుతారు. మనకైతే ఆ కాగితం కూడా లేదు, మీది న్యూస్‌పేపర్ కాదు కదా అనేవాళ్ళు. ఇప్పుడా మాట చెల్లదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో, అంటే కొత్త కార్మిక చట్టాల్లో, వర్కింగ్ జర్నలిస్ట్ అనే నిర్వచనంలో డిజిటల్ మీడియాని కూడా చేర్చారు, సబ్ ఎడిటర్, రిపోర్టర్, కార్టూనిస్ట్ అందరూ అందులో ఉన్నారు. అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి. వర్కింగ్ జర్నలిస్టుకి గ్రాట్యుటీ ఐదేళ్ళు కాదు, మూడేళ్ళకే వస్తుంది. దీనిమీద మనమే ఒక వీడియో చేశాం, 'మీ కంపెనీ ఇవి ఇస్తోందా? లేదంటే ఇలా చేయండి' అని థంబ్‌నెయిల్ పెట్టి. బాగానే ఆడింది. ఆ స్క్రిప్ట్ రాసినావిడ కన్సల్టెంటే.

ఇప్పుడు వ్యూస్ గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగతావన్నీ డబ్బుతో సర్దుకునేవి, ఇది మా పనినే పాడు చేస్తోంది.

రోజూ పొద్దున తొమ్మిదింటికి గ్రూప్‌లో 'డైలీ పెర్ఫార్మెన్స్' వస్తుంది. పేరు, స్టోరీలు, వ్యూస్, పక్కన ఆకుపచ్చ చుక్క లేదా ఎర్ర చుక్క. ఎర్ర చుక్క వరసగా వస్తే మేనేజర్ గదికి పిలుపు. దీంతో ఏమైందంటే, పొద్దున షిఫ్ట్‌లో బంగారం ధర కాపీ ఎవరు ఎత్తాలి అనే దగ్గర నిజంగానే మాటామాటా పెరుగుతోంది. బంగారం ధర, రాశిఫలాలు, బిగ్‌బాస్ ఎలిమినేషన్ ఇవి దొరికినవాడు ఆ రోజు పచ్చ. భూమి రికార్డుల కోసం తెచ్చిన భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చినప్పుడు మన డెస్క్‌లో ఒకాయన, రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, తహసీల్దార్ ఆఫీసుకి ఫోన్లు చేసి, ఊళ్ళో చుట్టాలని అడిగి, తప్పులు ఎక్కడ దిద్దుకోవాలి, అప్పీల్ ఎవరికి పెట్టుకోవాలి అని ఓపిగ్గా ఒక స్టోరీ రాశాడు. మర్నాడు ఆయన పేరు పక్కన ఎర్ర చుక్క. అదే రోజు ఎయిర్‌పోర్టులో ఒక హీరోయిన్ మాస్క్ సర్దుకున్న క్లిప్ ఎత్తిన కుర్రాడికి పచ్చ చుక్క, చప్పట్ల ఎమోజీలు. ఆ కుర్రాడే సిగ్గుపడ్డాడు సర్, పెద్దాయన మాత్రం అప్పట్నుంచి బంగారం ధర కోసం ఐదున్నరకే వచ్చి కూర్చుంటున్నాడు. వ్యూస్ వద్దని మేం అనడం లేదు. వ్యూస్ లేకపోతే యాడ్ లేదు, యాడ్ లేకపోతే జీతం లేదు, ఆ మాత్రం లెక్క మాకూ వచ్చు. కానీ రైతు స్టోరీ, ఎయిర్‌పోర్ట్ క్లిప్ ఒకే తక్కెడలో తూచి, తేలిపోయిన మనిషిని అందరి ముందు నిలబెట్టడం ఏం పద్ధతి?

ఇంకో ఉదాహరణ. ఒక సీనియర్ నటుడు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసిన సాయంత్రం. డెస్క్‌లో సబ్ ఎడిటర్ అంటోంది, 'అన్నా, ఆసుపత్రి నుంచి ఇంకా బులెటిన్ రాలేదు, ఫ్యామిలీ వాళ్ళు ఫోన్ ఎత్తట్లేదు.' ఇటువైపు నుంచి, 'పక్కనోడు వేసేశాడు, నువ్వు బులెటిన్ కోసం కూర్చో.' ఐదు నిమిషాలు కాలేదు, మళ్ళీ, 'ఎవరి పర్మిషన్ కోసం ఆగారు?' అని గ్రూప్‌లో, పెద్దవాళ్ళ నుంచి. 'ఇక లేరు' అని పెట్టేశారు, పుష్ నోటిఫికేషన్ కూడా వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయన కొడుకు టీవీలో, నాన్న బాగానే ఉన్నారు, దయచేసి ఇలాంటివి రాయకండి అని దండం పెడుతున్నాడు. స్టోరీ డిలీట్ చేశాం, పుష్‌ని జనం ఫోన్లలోంచి వెనక్కి లాక్కోలేం కదా. మర్నాడు మెమో ఎవరికి వచ్చింది? ఆగుదాం అన్న సబ్ ఎడిటర్‌కి, ఐడీ ఆవిడది కాబట్టి. గ్రూప్‌లో ఆ మెసేజ్ పెట్టినవాళ్ళు దాన్ని అప్పటికే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' చేశారు. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని ప్రచారం జరిగితే ఆ వయసులో ఆయనే వీడియోలో కూర్చుని నేను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇండస్ట్రీ మొత్తం ఆ రోజు సిగ్గుపడింది, ఒక వారం. ఇలాంటి వార్తకి ఇద్దరు మనుషుల నుంచి కన్ఫర్మేషన్ లేనిదే వేయకూడదు, ఆలస్యమైతే డెస్క్ వాళ్ళని ఏమీ అనకూడదు అని ఒక పేజీ రాసి గోడకి అంటించండి, కింద మీ సంతకంతో. మీ సంతకం ఉంటే రాత్రి రెండింటికి కూర్చున్న పిల్లకి ధైర్యం వస్తుంది.

యాంకర్ల కింద వచ్చే కామెంట్ల గురించి ఇక్కడ రాయలేను, రాయగలిగే భాష కాదు. మన యాంకర్ ఒకమ్మాయి, డిగ్రీ అయిపోయి నేరుగా వచ్చిన పిల్ల, రోజూ బులెటిన్ అయ్యాక వాష్‌రూమ్‌లో కూర్చుని అవన్నీ చదువుతుంది. చదవకు అని మేం చెబుతాం, ఆగలేదు పాపం, వాళ్ళ అన్నయ్య చదివాడట, వాళ్ళ ఊరి వాట్సాప్ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ తిరిగిందట. యూట్యూబ్ స్టూడియోలో సెట్టింగ్స్‌కి వెళ్ళి ఆ బూతు మాటలు, వాటి ఇంగ్లిష్ స్పెల్లింగులు ఒక లిస్టుగా టైప్ చేసి పెడితే చాలు, అవి ఉన్న కామెంట్లు బయటికి కనపడకుండా ఆగిపోతాయి. సోషల్ మీడియా టీమ్ కుర్రాడు నేను చేస్తానన్నాడు, లిస్టు కూడా తయారు చేసుకున్నాడు, పాపం వాడికి ఆ లిస్టు టైప్ చేయడమే పెద్ద శిక్ష. పైనుంచి వద్దన్నారు. కామెంట్లు పడితే ఎంగేజ్‌మెంట్, తగ్గితే రీచ్ పోతుంది, 'పట్టించుకోవద్దని చెప్పండి ఆ అమ్మాయికి' అన్నారు. ఆ అమ్మాయి చీర సర్దుకుంటున్నప్పటి ఫ్రేమ్‌ని ఏరి థంబ్‌నెయిల్‌గా పెట్టమన్నది కూడా పైనుంచే, ఆ కామెంట్లు ఊరికే రాలేదు.

అమ్మాయిలకి ఇబ్బందైతే ఐసీకి, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీకి, చెప్పుకోవచ్చు అంటారా? పాంట్రీలో మంచినీళ్ళ క్యాన్ పైన ఇంటర్నల్ కమిటీ పోస్టర్ ఉంది, ఓసారి మీరే వెళ్ళి చూడండి. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి సంస్థలో ఉండాల్సిన కమిటీ. పోస్టర్‌లో ఉన్నవాళ్ళలో ఇద్దరు ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్ళిపోయారు, అందులో ఒకావిడ ఇప్పుడు మన పోటీ ఛానల్‌లో పనిచేస్తోంది. బయటి సభ్యురాలిని మేం ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఫోన్ నంబర్‌లో తొమ్మిది అంకెలే ఉన్నాయి.

ఏఐ గురించి రెండు ముక్కలు. టూల్ తెచ్చారు, మంచిదే, వాడుతున్నాం. కానీ టూల్ వచ్చింది కాబట్టి స్టోరీల కోటా రెట్టింపు చేసి, మనుషుల్ని తగ్గించి, అది రాసిన వంకర తెలుగుని దిద్దే పని మిగిలినవాళ్ళ నెత్తిన వేశారు. దిద్దడానికి రాయడం కంటే ఎక్కువ సేపు పడుతోంది, అది మీ లెక్కలో లేదు. మూసపోసినట్టు గుట్టలుగా తయారుచేసే వీడియోలకి డబ్బులివ్వం అని యూట్యూబ్ 2025 జులైలో నిబంధనలు సవరించి మరీ చెప్పింది. రేపు మానిటైజేషన్ పోతే ఎర్ర చుక్క ఎవరికి పడుతుందో మాకు తెలుసు.

మానేసేవాళ్ళతో మన వ్యవహారం ఊరంతా తెలిసిందే. మేం వెళ్ళాలంటే రెండు నెలల నోటీసు, మీరు పంపాలంటే ఒక వాట్సాప్ కాల్, 'రేపట్నుంచి రావొద్దు'. ఫుల్ అండ్ ఫైనల్, అంటే మానేసినవాళ్ళకి రావాల్సిన చివరి జీతం లెక్క, రెండు పనిదినాల్లో ఇవ్వాలని ఆ కోడ్‌లలో ఒకటైన వేజ్ కోడ్ చెబుతోంది, మన దగ్గర రెండు పండగలు దాటినా రాదు. రిలీవింగ్ లెటర్ ఆపేస్తే కొత్త ఆఫీసులో ఆ పిల్లలు ఎన్ని నీళ్ళు నమలాలో! ఉన్నవాళ్ళ జీతం కూడా ఏడో తారీఖు లోపల పడిన నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంటి ఓనరుకి ఐదో తారీఖు. ఈఎంఐకి కూడా ఐదో తారీఖే. టౌన్‌హాల్‌లో 'మనమంతా ఒక ఫ్యామిలీ' అన్నప్పుడల్లా మాకు భయం వేస్తుంది, సాధారణంగా ఆ మాట వచ్చిన నెల జీతం ఇంకా ఆలస్యమవుతుంది.

ఇవన్నీ ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్న దగ్గరికి వస్తున్నా. మన వెబ్‌సైట్ అట్టడుగుకి, యాడ్‌లన్నీ దాటుకుని స్క్రోల్ చేస్తే, గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఒక పేరు, ఒక మెయిల్ ఐడీ ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు వచ్చాక పెట్టారు. ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చి జవాబివ్వాలి. (ఆ నిబంధనల్లో కొన్నిటి మీద కోర్టుల్లో కేసులు నడిచాయి, అది వేరే కథ, మన సైట్‌లో మాత్రం ఉంది, జవాబులు కూడా వెళ్తున్నాయి, ఎందుకంటే వాటిని టైప్ చేసేది మేమే.) అంటే మన వీడియో చూసి మనసు నొచ్చుకున్న ఎవరో కరీంనగర్‌లోనో కాలిఫోర్నియాలోనో కూర్చుని మెయిల్ పెడితే పదిహేను రోజుల్లో మర్యాదగా జవాబు. అదే వీడియోని ఎడిట్ చేసిన మనిషి మీ గదికి నాలుగు కుర్చీల అవతల కూర్చుని పెట్టిన మెయిల్‌కి అందింది అన్న ముక్క కూడా రాదు. హెచ్‌ఆర్‌కి పెడితే అది మేనేజర్‌కి ఫార్వర్డ్ అవుతుంది, మేనేజర్ మీద ఫిర్యాదైనా సరే మేనేజర్‌కే ఫార్వర్డ్ అవుతుంది, తర్వాత నెల రోస్టర్‌లో నైట్ షిఫ్టులు పడతాయి. ఇది కూడా యాదృచ్ఛికమే అయ్యుండొచ్చు, ఎవరికి తెలుసు.

కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఒక ఏర్పాటు ఉంది. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది వర్కర్లున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ పెట్టాలి. మీ మనుషులు ఎంతమందో మా మనుషులూ అంతమంది ఉండాలి, ఆడవాళ్ళకి తగిన చోటుండాలి, ఫిర్యాదు వచ్చిన ముప్పై రోజుల్లో తేల్చాలి. వర్కింగ్ జర్నలిస్టులు కూడా ఆ కోడ్‌లో వర్కర్లే. మేం అడిగేది ఇదొక్కటే. జీతాలు ఇప్పుడే పెంచమనడం లేదు, ఎవర్నీ తీసేయమనడం లేదు. ఆ కమిటీ వేయండి, మా తరఫు సభ్యుల్ని మేం ఎన్నుకుంటాం, మీరు 'సెలెక్ట్' చేయొద్దు, ఎవరు సెలెక్ట్ అవుతారో మాకు తెలుసు. కమిటీ ముందు మొదటి రోజే పెట్టడానికి మా దగ్గర కాగితాలు సిద్ధంగా ఉన్నాయి: కాంప్ ఆఫ్‌ల లెక్క, పోయిన ఏడాది జీతాలు పడిన తేదీలు, బూతు మాటల లిస్టు. కన్సల్టెంట్లలో ఎవరు నిజంగా కన్సల్టెంట్లో, ఎవరు ఉద్యోగులో అక్కడే కూర్చుని తేల్చుకుందాం, మీరు మీ ఆడిటర్‌ని తెచ్చుకోండి, మేం ఒక లేబర్ లాయర్‌ని తెచ్చుకుంటాం, టీ మీరే ఇప్పించండి.

ఇదంతా యూనియన్ రాజకీయం, వెనక ఎవరో ఉన్నారు అని మీతో ఎవరైనా చెబితే నమ్మకండి. వెనక ఎవరూ లేరు, ఉంటే ఇన్నేళ్ళు ఆగేవాళ్ళమా? అలాగే ఈ లేఖ ఎవరు రాశారో కనిపెట్టే పని దయచేసి ఐటీ టీమ్ కుర్రాడికి అప్పజెప్పొద్దు, వాడికి ఇప్పటికే ముగ్గురి పని ఉంది, పైగా ఇది చదివి సరే అన్నవాళ్ళలో వాడూ ఉన్నాడు.

జవాబు మాత్రం మెయిల్‌లో ఇవ్వండి, అందరికీ, మీ పేరుతో. గ్రూప్‌లో పెట్టొద్దు. ఆ గ్రూప్‌లో ఏ మెసేజ్ అయినా ఏడు రోజులకి దానంతట అదే మాయమైపోయేలా ఈమధ్య ఎవరో సెట్టింగ్ మార్చారు.

ఇట్లు,
మీ డెస్క్, వీడియో, రీల్స్, సోషల్ మీడియా టీమ్‌లలో కొందరం
హైదరాబాద్